అడుగువారు లేని నగరము

1944వ సంవత్సరము మార్చి నెల 11వ తేది శనివారమునాడు పారిసు నగరపు పోలీసులకొక ఫిర్యాదు వచ్చెను. విజయతోరణమునకు సమీపమున ధనికులు నివసించు పేటలో ల స్యూర్ వీధియని యొక చిన్న వీధి కలదు. అందు 21వ నంబరు ఇంటి పొగగొట్టమునుండి కొన్ని దినములుగా జిడ్డైన నల్లని పొగ వెలువడుచున్నదనియు, దాని దుర్గంధమునకు ఇరుగుపొరుగులు కిటికీలు తెఱువలేకున్నారనియు ఆ ఫిర్యాదు. నగరము జర్మనుల చేజిక్కి అప్పటికి నాలుగవ సంవత్సరము జరుగుచుండెను. బొగ్గు కొఱతచే సంపన్నులు సైతము చలికి వణకుచుండిరి. ఎవరును కాపురము లేని యింట అంతటి మంట యేల యను ప్రశ్న అంతవరకు ఎవరికిని పుట్టకుండుట ఆ కాలపు లక్షణము. పుట్టినను పైకి అనకుండుట అంతకంటెను ఆ కాలపు లక్షణము.

పోలీసులు వచ్చి తలుపు తట్టిరి. పలికినవారు లేరు. ఇంటి యజమాని మార్సెల్ పెటియో యను వైద్యుడనియు, అతడు కోమార్తన్ వీధిలో నివసించుచున్నాడనియు విచారించి తెలిసికొని టెలిఫోనులో పిలిచిరి. తాను వచ్చువరకు లోనికి పోవలదనియు, పదునైదు నిమిషములలో తాళపుచెవులతో వచ్చెదననియు అతడు చెప్పెను. ఆ గడువు దాటెను, అతడు రాలేదు. అంతట అగ్నిమాపకదళమువారిని రప్పించిరి. వారు కిటికీనుండి లోనికి దిగి నేలమాళిగకు పోయి, పోయినంత వేగముగనే బయటికి వచ్చిరి. మండుచున్న పొయ్యిలో మనుష్యుల అవయవములుండెను. చుట్టును నేలపై మఱికొన్ని పడియుండెను. పెరటిలోని పాత గుఱ్ఱపుసాల గొయ్యి సున్నముతో నిండియుండెను; ఆ సున్నములోను అవియే.

ఈ కల్లోలము జరుగుచుండగా ఒక మనుష్యుడు సైకిలుపై వచ్చి దిగెను. ఇంటివాని సోదరుడనని చెప్పుకొని లోనికి పోయి సమస్తమును తిలకించెను. పిమ్మట పోలీసులను ప్రక్కకు పిలిచి, వారు దేశభక్తిగల ఫ్రెంచివారేనా యని ప్రశ్నించెను. ఔననిరి. అట్లయిన వినుడని, ఆ శవములు జర్మనులవియు దేశద్రోహులవియు ననియు, తాను ప్రతిఘటనోద్యమమునందు ఒక దళమునకు నాయకుడననియు, తన యింట నున్న రహస్యపత్రములను వెంటనే తగులబెట్టనియెడల ఎందఱో దేశసేవకుల ప్రాణములు పోవుననియు చెప్పెను. పోలీసులు అతనిని పోనిచ్చిరి. ఆ మనుష్యుడే డాక్టరు పెటియో. అతడు ఎక్కిన సైకిలు ఆ వీధి మలుపు తిరిగిన పిమ్మట ఏడు నెలలకు పైగా ఎవరికిని చిక్కలేదు.

ఆ పోలీసులు మూఢులని తీర్మానించుట సులభము. నేనట్లు తలపను. ఆ తలుపువద్ద నిలిచిన జవాను స్థితిని పాఠకులు ఒక్క క్షణము భావించి చూతురుగాక. మృతకళేబరములను చూచినంతనే అతని మనస్సున మెదలిన మొదటి సందేహము, ఇది జర్మనుల గుప్తపోలీసులైన గెస్టాపోవారి పనియా యని. రెండవది, ఇది స్వాతంత్ర్యయోధుల పనియా యని. ఒక ఒంటరి హంతకుడు ధనాశచే గావించిన పనియా యనునది మూడవ స్థానమునకు పోయెను. ఆ రాత్రియే విచారణకు పూనుకొన్న మస్సూయను అధికారికిని ఇదియే చిక్కు. నగరమున హత్య సర్కారు ఉద్యోగముగా మారిన కాలమున, సొంత లాభమునకై హత్య చేయువాడు ఎంత చక్కగా మఱుగుపడగలడో పెటియో చరిత్రము తెలుపుచున్నది. ఈ హంతకుని కథ ఐరోపాలో పలుమాఱులు వ్రాయబడినది. చిత్రములుగను తీయబడినది. అందఱును అతని కన్నులను, అతని నవ్వును, అతని చిత్తవృత్తిని వర్ణించిరి. నాకు ముఖ్యముగ తోచునది వేఱు. ఇందఱు మనుష్యులు మాయమగుచుండగా అడిగినవారు ఏల లేకపోయిరి?

చీకటియే కారణమని కొందఱందురు. యుద్ధకాలమున విమానదాడుల భయముచే దీపములార్పిన నగరములు హంతకులకు అనుకూలించుట నిజము. బెర్లిను నగరమున 1940, 1941 సంవత్సరములలో పాల్ ఒగోర్జోవ్ అను రైల్వే పనివాడు చీకటిని ఆసరాగొని ఎనమండుగురు స్త్రీలను చంపెను; కొందఱిని కదలుచున్న రైలునుండి త్రోసివేసెను. అతడు నాజీపక్షమున సభ్యుడు. అధికారుల అనుమానము విదేశీ కూలీలమీదికిని, యూదులమీదికిని పోయినదిగాని తమవానిమీదికి చాలకాలము పోలేదు. పత్రికలు నిజము చాటి ప్రజలను హెచ్చరించుటకు వీలులేకపోయెను. చివరకు 1941 జులైలో పట్టుబడి, ఆ నెలలోనే శిరచ్ఛేదము పొందెను. లండనులో 1942 ఫిబ్రవరిలో గార్డన్ కమ్మిన్స్ అను వైమానిక సైనికుడు అదే చీకటిలో వారము దినములైన నిండకముందే నలుగురు స్త్రీలను చంపెను. మఱొక స్త్రీపై చేయివేయగా దారిని పోవు యువకుడు అడ్డువచ్చెను. హంతకుడు పాఱిపోవుచు తన విషవాయు ముసుగును వదలిపోయెను. దానిపైనున్న సైనికసంఖ్యచే అతని గుట్టు బయటపడెను. ఆ జూను నెలలో ఉరితీయబడెను.

ఆంగ్లేయుని పోలీసును పొగడుటకు నేనిది వ్రాయుట లేదు. అదే 1942వ సంవత్సరమున అతని పోలీసు మన దేశమున ఎట్లు వర్తించెనో తెనుగువారికి ఒకరు చెప్పనక్కఱలేదు. కాని లండను పౌరునకు తన పోలీసు తనవాడు. తన యింటి ఆడుది తిరిగిరాకున్న అతడు ఠాణాకు పరుగెత్తును. పారిసు పౌరునకు, అందును యూదునకు, ఆ దారి మూసికొనిపోయెను. 1942 జూను నెలనుండి వారు పసుపుపచ్చని నక్షత్రమును రొమ్మున కుట్టుకొని తిరుగవలసివచ్చెను. జులై 16, 17 తేదీలలో సుమారు పదమూడు వేలమంది యూదులు పట్టువడిరి; వారిలో నాలుగు వేలకు మించి పిల్లలు. తెల్లవారుజామున తలుపులు తట్టి వారిని లాగుకొనిపోయినవారు జర్మను సైనికులు కారు. ఫ్రెంచి పోలీసులే. పలువురను సైకిలు పందెములాడు పెద్ద మైదానశాలలో కుక్కి, పిమ్మట రైళ్ల కెక్కించి తూర్పునకు పంపిరి. కంచెయే చేను మేసిన పిదప చేను ఎవరితో మొఱపెట్టుకొనును? భర్త కనబడలేదని పోలీసుకు చెప్పుకొన్న స్త్రీ, ఆ భర్త ఎక్కడికో తప్పించుకొని పోయినాడని తానే చాటినట్లగును. తన చిరునామాను తానే అందించినట్లగును. అందుచే నోరు మూసికొనెను.

ఆ మూతపడిన నోటిని పెటియో తన పెట్టుబడిగా చేసికొనెను.

ఇతని పూర్వచరిత్రను సంగ్రహముగ చెప్పుదును. 1897లో ఓసేర్ పట్టణమున జననము. మొదటి ప్రపంచయుద్ధమున గాయము, తరువాత మతిభ్రమణమని చికిత్స. యుద్ధమునుండి వచ్చినవారికి కల్పించిన సౌకర్యముచే త్వరితముగ చదివి 1921లో వైద్యపట్టమును పొందెను. విల్‌నవ్ సుర్ యోన్ అను చిన్న ఊరిలో వైద్యము ప్రారంభించి, బీదలపాలిటి దేవుడని పేరుపొంది, 1926లో ఆ ఊరి మేయరుగా ఎన్నికయ్యెను. ప్రజాధనము మాయమగుట, విద్యుచ్ఛక్తి దొంగిలుట మున్నగు నేరములు బయటపడి పదవులు పోయెను. 1933లో పారిసు చేరెను. 1936లో ఒక పుస్తకపు దుకాణమున పుస్తకమును దొంగిలించి పట్టుబడి, మతి స్థిరము లేదను మిషతో శిక్ష తప్పించుకొని కొంతకాలము చికిత్సాలయముననుండెను. ఇంత జరిగియు ఇతని వైద్యవృత్తికి ఆటంకము కలుగలేదు! రోగులు వచ్చుచునే యుండిరి. వైద్యుని నారాయణునితో సమానముగ తలచు ఆచారము మన దేశముననే యున్నదని మనము గర్వింపనక్కఱలేదు. అది సర్వత్ర కలదు.

1941లో అతడు ల స్యూర్ వీధిలోని భవనమును కొని, మరమ్మతులు చేయించెను. అందు మూడు కోణములుగల యొక చిన్న గది కట్టించెను. దానికి ఒక తలుపు బయటికి పోవు తలుపువలె కనబడును. దాని వెనుక గోడ తప్ప మఱేమియు లేదు. పిలుపుగంట మీట యుండెను. అది దేనికిని తగిలింపబడలేదు. వెలుపలినుండి లోని మనుష్యుని చూచుటకు గోడలో ఒక కంటిరంధ్రము మాత్రముండెను. ఆ గదిలో జరిగినది ఏమి? అర్జెంటీనాలో దిగుటకు టీకాలు వేయించుకొనవలెనని నమ్మించి విషము సూదిమందుగా ఎక్కించెనని పలువురు ఊహించిరి. చంపిన విధము న్యాయస్థానమున సైతము నిర్ధారణ కాలేదు.

అర్జెంటీనాయే ఎఱ. డాక్టరు యూజీన్ అను మాఱుపేరుతో అతడు ఒక రహస్యమార్గమును నడుపుచున్నట్లు ప్రచారము చేయించెను. ఒక క్షౌరశాల యజమానియు, నాటకములలో వేషములు దిద్ది బ్రదుకు మఱొకడును ఈ వార్తను చెవినుండి చెవికి వేయుచుండిరి. మనిషికి 25,000 ఫ్రాంకులు. స్పెయిను, పోర్చుగలు దారిగా దక్షిణ అమెరికాకు ప్రయాణము. వెంట తీసికొనివచ్చు నగలను, బంగారమును, విదేశపు నోట్లను దుస్తులలో కుట్టుకొని రావలెను. బట్టలపైనున్న గుర్తులన్నియు విప్పివేయవలెను. పోవు సంగతి ఎవరికిని చెప్పరాదు. చీకటిపడిన పిమ్మట ఒంటరిగా రావలెను.

ఈ నిబంధనలలో అనుమానింపదగినది ఒక్కటియు లేకుండుట గమనింపవలెను. నిజమైన దేశసేవకులు నడిపిన రహస్యమార్గములకును ఇవే నిబంధనలు. కూలిన విమానములనుండి బయటపడిన సైనికులను, యూదులను పిరనీసు పర్వతములు దాటించి స్పెయినునకు చేర్చిన వీరులు, వీరవనితలు ఎందఱో యుండిరి. వారిలో అనేకులు పట్టుబడి ప్రాణములర్పించిరి. వారియొద్దను పేరు అడుగరాదు, ఊరు అడుగరాదు, వెనుదిరిగి చూడరాదు. ఒకరికొకరు తెలియకుండుటయే వారి రక్ష. ఆ మహనీయులు ప్రాణములొడ్డి పెంచిన నమ్మకమును ఈ నీచుడు ఎరువు తెచ్చుకొని వాడుకొనెను. హత్యలను మించిన పాపము మఱొకటి కలదా యన్న, నా మతమున ఇది దానికి సమీపముననే యున్నది.

1942 జనవరిలో అతని యింటికి చేరువనున్న బొచ్చుతోళ్ల వర్తకుడొకడు, పోలండు దేశపు యూదుడు, ఈ మార్గమున బయలుదేరెను. ఆ మీదట అతనిని చూచినవారు లేరు. భార్య వచ్చి అడుగగా, క్షేమముగ చేరితినని భర్త వ్రాసిన చీటీలను వైద్యుడు చూపెను. అవి భర్త వ్రాసినవే. బయలుదేరుటకు ముందే వ్రాయించి పుచ్చుకొన్నవి. జూనులో ఒక వృద్ధ వైద్యుడు. జులైలో, ఆ మైదానశాల ఘోరము జరిగిన నెలలోనే, జర్మనీనుండి శరణు వచ్చిన భార్యాభర్తలు, వారి ఏడేండ్ల కుమారుడు. వారి స్నేహితులకును ఉత్తరములు వచ్చెను. ఆ ఉత్తరములను చదివి పొరుగువారు దైవమునకు నమస్కరించి యుందురు, ఒక కుటుంబమైనను బయటపడెనని. సేన్ నదిలో ఆ రోజులలో నఱకబడిన శరీరభాగములు తేలుచుండుట వాస్తవము. వానిని పరీక్షించిన డాక్టరు పాల్ అను ప్రసిద్ధ శవపరీక్షకుడు, ఇది శాస్త్రము నెఱిగిన చేతిపనియని గుర్తించెను. కాని ఆ శరీరములకు పేరు చెప్పువారు రాలేదు.

యూదులేగాక మఱొక జాతివారును ఆ యింటికి పోయిరి. గెస్టాపోవారి అండతో దోపిడులుచేసి, ఆ దోపిడి సొమ్ములో యజమానులకే టోకరావేసిన రౌడీలు, వారి ఉంపుడుగత్తెలు. వీరికిని పాఱిపోవుటకు దారి కావలసియుండెను. వీరిని గూర్చియు అడుగువారు లేరు. తరువాతికాలమున పెటియో తాను ద్రోహులనే చంపితినని బొంకుటకు ఈ కొద్దిమంది ఆధారమైరి.

ఇచట ఒక విపరీతము. ఈ మార్గము నిజమైనదేయని గెస్టాపోవారును నమ్మిరి! దానిని ఛేదింపదలచి తమ చెఱలోనున్న యొక యూదుని విడిచి, ఎఱగా పంపిరి. అతడును తిరిగిరాలేదు. చివరకు 1943 మే నెలలో పెటియోను పట్టి, చిత్రహింసలు పెట్టి, ఫ్రెన్ కారాగారమున సుమారు ఎనిమిది నెలలుంచిరి. మార్గమున తోడ్పడువారి పేర్లు చెప్పుమనిరి. అతడు చెప్పలేదు. లేనివారి పేర్లు ఎట్లు చెప్పును? చెఱలోని తోడి ఖైదీలకు ఇతడు నోరు విప్పని ధీరుడుగా కనబడెను. 1944 జనవరిలో విడుదలయి బయటికి వచ్చునప్పటికి, దేశభక్తుడను కీర్తిని శత్రువే చేతికిచ్చి పంపినట్లయ్యెను. ల స్యూర్ వీధిలోని యింటి గుట్టు గెస్టాపోకు తెలియలేదు. విడుదలయైన రెండు నెలలకు, మిగిలిన సాక్ష్యమును కాల్చివేయ యత్నింపగా పొగ వచ్చెను.

మార్చిలో తప్పించుకొన్నవాడు గడ్డము పెంచి ఒక రోగి యింట దాగెను. ఆగస్టులో పారిసు విముక్తి పొందెను. వీధులందు జెండాలు, బాజాలు, ఆనందబాష్పములు. ఆ ఉత్సాహమున స్వాతంత్ర్యసేనలో క్రొత్తగ చేరినవారి పూర్వోత్తరములను విచారించు తీరిక ఎవరికున్నది? ఆంరీ వలేరీయను పేరుతో పెటియో ఆ సేనలో చేరి కెప్టెనయ్యెను. అతని కప్పగించిన పని, దేశద్రోహులను ప్రశ్నించి నిజము రాబట్టుట! విజయదినమున పుట్టు దేశభక్తుల గుంపు ఎంత పెద్దదో లోకమంతట చూచినాము. మన దేశమునను చూడకపోలేదు. ఆ గుంపులో ఇట్టివాడును దూరుటకు సందుండెను.

ఇతనిని పట్టియిచ్చినది ఒక పత్రిక. సెప్టెంబరులో "రెజిస్తాన్స్" అను పత్రిక, పెటియో జర్మనుల సేవకుడని వ్యాసము ప్రకటించెను. ఆ యారోపణ వాస్తవము కాదు. కాని దొంగకు అభిమానము పొడుచుకొని వచ్చెను. తన కీర్తికి కళంకము తగిలెనని దీర్ఘమైన జవాబు వ్రాసి, తన న్యాయవాది ఫ్లోరియో ద్వారమున పంపెను. దానివలన అతడు ఇంకను పారిసులోనే యున్నాడని ఊహించిరి, చేతివ్రాత దొరకెను. 1944 అక్టోబరు 31వ తేదిని భూగర్భ రైల్వేస్టేషను ఒకదానిలో పట్టువడెను. అప్పుడు అతనియొద్ద చేతితుపాకియు, పలు పేర్లతో గుర్తింపుపత్రములును ఉండెను.

విచారణ 1946 మార్చి 18న ప్రారంభమయ్యెను. 27 హత్యలని అభియోగము. తాను 63 మందిని చంపితిననియు, అందఱును జర్మనులు లేక ద్రోహులేయనియు అతడు చెప్పెను. పారిసులోని వేడుకపడు స్త్రీపురుషులు నాటకమునకు పోయినట్లు న్యాయస్థానమునకు పోయిరి. ముద్దాయి హాస్యములాడెను, వారు నవ్విరి. ఆ నవ్వును గూర్చి చదువునపుడు నాకు ల స్యూర్ వీధి పొగ కంటెను ఎక్కువ రోత కలిగినది. ఆ హాలులోనే ఆ తోళ్లవర్తకుని భార్య కూర్చుండియుండెను. అయినను ఒకప్పుడు నవ్వు ఆగెను. బాధితుల పక్షమున నిలిచిన న్యాయవాది యొకడు తానును ప్రతిఘటనలో పాల్గొన్నవాడు; ఆ పోరాటమున వాడిన ప్రేలుడు పదార్థమును ఎట్లు వాడితివో వివరింపుమని అడుగగా పెటియో తడబడెను. ఏ దళమువారును అతనిని ఎఱుగరు. అతడు పేర్కొన్న సహచరులు చనిపోయినవారు, లేక పుట్టనివారు. ఏప్రిలు 4న 26 హత్యలు అతడు చేసినవేయని తీర్పయ్యెను. మే 25వ తేది ప్రాతఃకాలమున సాంతే కారాగారమున గిలటీను క్రింద తల పోయెను. దోచిన ధనమెక్కడనున్నదో నేటికిని తెలియదు.

ధనము దొరకలేదుగాని బట్టలు దొరకెను. పెటియో గెస్టాపో చెఱలోనున్నపుడు అతని సోదరుడు ల స్యూర్ వీధినుండి నలుబదికి పైగా ప్రయాణపు పెట్టెలను బండికెక్కించి యోన్ జిల్లాలోని యొక యింట దాపించెను. 1944లో పోలీసులు వానిని వెలికితీసి పారిసునకు తెచ్చి విప్పిరి. అన్నియు అర్జెంటీనాకు ప్రయాణమైనవారు సర్దుకొన్న పెట్టెలు. చలికోటులు, ఆడువారి గౌనులు, మేజోళ్లు, చేతిరుమాళ్లు. గుర్తుపట్టుటకు జనులు ఒకరొకరుగా రాసాగిరి. రెండు మూడేండ్లుగా ఠాణా గుమ్మము త్రొక్కనివారు ఆ బట్టలను చేతులలోనికి తీసికొని త్రిప్పి చూచిరి. వానిలో ఏడేండ్ల పిల్లవాని రాత్రిదుస్తులుండెను. వానిపైనున్న గుర్తు విప్పుట తల్లి మఱచినది. ఆ కుటుంబము నెఱిగినవారు దానిని చూచి పోల్చుకొని, బాలుని పేరు చెప్పిరి.